రౌండ్ సీలు లేని ద్వీపం

ఒక ఉద్యోగి ఒక చోటికి వెళ్లాడా లేదా అన్నది అతను వెళ్లడం మీద ఆధారపడదు, అక్కడ కొట్టించుకొచ్చిన రౌండ్ సీలు మీద ఆధారపడుతుంది. ఈ సంగతి కనిపెట్టినవాడు పురావస్తు ప్రదర్శనశాలల శాఖలో తనిఖీ విభాగం సూపరింటెండెంటు లెంక సన్యాసిరావు. కనిపెట్టి ఊరుకోలేదు, మెమోగా కూడా రాశాడు.

దానికి కారణం లేకపోలేదు. పదకొండేళ్ల కిందట శాఖలో ఒక అధికారి కొండ మీది బౌద్ధ స్తూపాన్ని నాలుగు రోజులు తనిఖీ చేసి వచ్చానని నాలుగు పేజీల నివేదిక ఇచ్చాడు. ఆ నాలుగు రోజులూ ఆయన బావమరిది పెళ్లిలో బూందీ వడ్డిస్తున్నాడని ఫోటోలతో సహా బయటపడింది. శాఖ పరువు పోయింది. డైరెక్టరు గారు ఏదో ఒకటి చెయ్యమన్నారు. సన్యాసిరావు ఒక మధ్యాహ్నం భోజనం మానేసి తొమ్మిది నిబంధనల మెమో తయారుచేశాడు. ఒకటో నిబంధన: రౌండ్ సీలు లేని సందర్శన సందర్శన కాదు. రెండు: నలుచదరంగా గాని, కోలగా గాని ఉన్న ముద్రలు చెల్లవు. నాలుగు: ఆమోదించిన పర్యటన వరుసక్రమాన్ని మార్చరాదు. తొమ్మిది: ఈ నిబంధనలకు మినహాయింపులు లేవు, ఉండవు, కోరరాదు.

డైరెక్టరు గారు ఆ మెమోని రెండుసార్లు చదివి, "ఇన్నాళ్లూ ఈ శాఖ ఎలా నడిచిందయ్యా?" అన్నారు. సన్యాసిరావు జీవితంలో అంతకు ముందుగాని ఆ తర్వాతగాని అంత గొప్ప మాట వినలేదు. అప్పటినుంచి రాష్ట్రంలో ప్రతి గుహకీ, ప్రతి శాసనానికీ ఒక రౌండ్ సీలు వచ్చింది. మ్యూజియం వాచ్‌మన్లు పొద్దున్నే వచ్చి, తాము వచ్చినట్టు తమకి తామే సీలు కొట్టుకునేవారు. సీలు కొట్టడం మరిచిపోయిన రోజున, డ్యూటీలో ఉండి కూడా, తాము రాలేదని ఒప్పుకుని సంతకం పెట్టేవారు.

అలా ఉండగా ప్రభుత్వానికి వారసత్వ పర్యాటకం మీద మోజు పుట్టింది. కరీబియన్ సముద్రంలో సెయింట్ ఓరెల్ అని ఒక ద్వీపం ఉంది. మన మండలాలు రెండు కలిపితే ఎంతో అంత. అక్కడ ఉన్నవల్లా ఒక పాత కోట, ఒక సారా బట్టీ, నాలుగైదు మ్యూజియాలు. వాటిని చూడటానికి ఆ ద్వీపం జనాభాకి పదింతల మంది ఏటా ఓడల్లో దిగుతారట. మన దగ్గర వీధికొక శిథిలం పెట్టుకుని ఒక్కడూ తొంగి చూడటం లేదేమిటని పైవాళ్లకి బెంగ పట్టుకుంది. అధ్యయన బృందాన్ని పంపాలని నిర్ణయం జరిగింది. బృందంలో ఇద్దరు. జాయింట్ డైరెక్టరు కొల్లిపర త్రివిక్రమరావు గారు అధ్యయనం చెయ్యడానికి, సన్యాసిరావు సీళ్లు కొట్టించుకునే ప్రొఫార్మాలు మొయ్యడానికి. చూడవలసినవి ఏడు చోట్లు, ఉండేది ఐదు రోజులు.

త్రివిక్రమరావు గారికి ఒక అలవాటుంది. ఆయన ఎన్నడూ ‘నేను’ అనరు, ‘ఈ కార్యాలయం’ అంటారు. విమానం ఎక్కగానే ఎయిర్ హోస్టెసుని పిలిచి, "ఈ కార్యాలయానికి దాహంగా ఉంది" అని ఇంగ్లీషులో తెలియజేశారు. ఆమె ఏమనుకుందోగాని రెండు గ్లాసులు తెచ్చింది.

సన్యాసిరావు మాత్రం ఈ ప్రయాణం ఒప్పుకున్నది అధ్యయనానికీ కాదు, ప్రొఫార్మాలకీ కాదు. అతని ముత్తాత లెంక పోలయ్య నూటపదిహేనేళ్ల కిందట కళింగపట్నంలో పడవెక్కి, మద్రాసులో ఓడ మారి, చెరకు తోటల్లో పనికి సెయింట్ ఓరెల్ వెళ్లాడు. వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఉన్నాడో పోయాడో కబురు లేదు. ఆయన పెళ్లాం ఎనభయ్యేళ్ల వయసులో పోయేదాకా బొట్టు చెరపలేదు, గాజులు తియ్యలేదు. ఇప్పటికీ ఇంట్లో పోయిన పెద్దలకి బట్టలు పెట్టుకునే రోజున పోలయ్య పేరు పిలవాలా వద్దా అని చర్చ జరుగుతుంది. ఆయన బతికుంటే నూటనలభై ఏళ్లు దాటుతాయి. అయినా చనిపోయినట్టు ఆధారం లేదు కాబట్టి పిలవరు. సన్యాసిరావుకి ఆ పద్ధతిలో తప్పేమీ కనిపించేది కాదు. ఆధారాల పిచ్చి అతనికి ఆఫీసులో పట్టింది కాదు మరి, రక్తంలోనే ఉంది.

పోలయ్య మనవరాలు, అంటే సన్యాసిరావు మేనత్త సూరీడమ్మకి ఎనభై తొమ్మిదేళ్లు. ప్రయాణానికి ముందు అతని చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. "నాను పోయే లోపల మా తాత ఏటైపోనాడో తెలుసుకునొచ్చీరా సన్నాసీ. మరింకేటొద్దు నాకు."

ద్వీపంలోని ఏడు చోట్లలో ఒకటి రేవు పక్కనున్న పాత కూలీల డిపో. ఇప్పుడది మ్యూజియం. ఓడ దిగిన ప్రతి మనిషి పేరూ, ఊరూ, ఆ తర్వాత ఏమైందీ రాసిపెట్టిన రిజిస్టర్లు అక్కడున్నాయి. సన్యాసిరావు ముందుగానే ఆ మ్యూజియం చూసుకునే మిసెస్ యూనిస్ రామసామికి ఉత్తరం రాశాడు. ఆమె వెంటనే జవాబిచ్చింది. పోలయ్య వచ్చిన ఏడాది రిజిస్టరు ఉంది. కాగితం అప్పడంలా విరిగిపోతోంది కాబట్టి ఫోటోలు తియ్యనివ్వరు, వారసులు స్వయంగా వస్తేనే చూపిస్తారు. కానీ తొందరగా రండి, రిజిస్టర్లన్నీ మరమ్మతుకి వేరే దేశం పంపుతున్నాం, ఆరేళ్ల దాకా తిరిగి రావు, అంది. పంపే తేదీ చూస్తే సన్యాసిరావు పర్యటన ముగిసిన మర్నాడు.

దిగిన రోజునే సన్యాసిరావు త్రివిక్రమరావు గారి దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"సార్, డిపో మ్యూజియం ఏడోది. దాన్ని మొదట చూసేస్తే..."

త్రివిక్రమరావు గారు నొచ్చుకున్నట్టు చూశారు. "సన్యాసిరావు గారూ, వరుసక్రమం మార్చుటకు ఈ కార్యాలయానికి అధికారం కలదా? నాలుగో నిబంధన ఏమనుచున్నది?"

నాలుగో నిబంధన ఏమనుచున్నదో సన్యాసిరావుకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కట్టుకున్న చేతులు విప్పుకుని వెనక్కి వచ్చాడు. లోపల ఎక్కడో కాస్త గర్వపడ్డాడు కూడా. అంత గట్టిగా రాశాడన్నమాట.

మొదటిది కోట. కొండ మీద, సముద్రం వైపు తిరిగి పది ఫిరంగులు, వాటి మధ్య గడ్డి మేస్తున్న మేకలు. సన్యాసిరావు ప్రొఫార్మాలు తీసి చుట్టూ చూశాడు. గేటు లేదు. టికెట్ల గది లేదు. కొబ్బరి బొండాలు అమ్మే ఒక ముసలాయన తప్ప మనిషి లేడు.

"ఈ కోటకి ఇన్‌ఛార్జి ఎవరు?" అని డ్రైవరు డెస్మండ్‌ని అడిగాడు.

డెస్మండ్ ఆలోచించాడు. "ఇప్పుడెవరూ లేరండి. యుద్ధం అయిపోయింది కదా."

త్రివిక్రమరావు గారి మొహం మాడిపోయింది. "ఇన్‌ఛార్జి లేని యెడల సీలు ఉండదు. సీలు లేని యెడల మనం ఇక్కడ లేము."

డెస్మండ్ ఆయన్ని పైనుంచి కిందికి చూసి, టోపీ తీసి తల గోక్కున్నాడు. మూడు గంటలు ఆ కొండ మీద లేకుండా గడిపారు. ఎదురుగా సముద్రం నీలంగా, ఆకుపచ్చగా, ఎక్కడికక్కడ రంగులు మారుస్తోంది. దాన్ని చూడటానికి జనం భూగోళం అటునుంచి ఇటు వస్తారు. సన్యాసిరావు దానికి వీపు పెట్టి కూచుని తన మెమో కాపీ తీసి మొదట్నుంచీ చదివాడు. చదవగా చదవగా ఒక విషయం తట్టింది. సీలు గుండ్రంగా ఉండాలని రాశాడు గాని, అందులో ఏమని ఉండాలో ఎక్కడా రాయలేదు.

అతని సంచిలో ఊదారంగు స్టాంపు ప్యాడు ఎప్పుడూ ఉంటుంది. ఫిరంగుల్లో అన్నిటికంటే చిన్నదాని మూతికి దాన్ని శుభ్రంగా రుద్ది, కాగితం ఆనించి తీశాడు. తుప్పుతో సహా చక్కటి వలయం పడింది.

"గుండ్రముగా ఉన్నది," అన్నారు త్రివిక్రమరావు గారు కళ్లజోడు సర్దుకుని. "ఈ కార్యాలయం సంతృప్తి చెందినది."

ఆ పూట మరో చోటు చూడవలసింది. పొద్దు పోయింది. అది రెండో రోజుకి జరిగింది. రెండో రోజుది మూడో రోజుకి జరిగింది.

సారా బట్టీలో పని సులువైంది. అక్కడ సీసాల మీద అంటించే గుండ్రటి ముద్ర ఉంది. ‘పన్నెండేళ్లు పీపాలో మాగినది’ అని దాని మీద రాసుంది. మేనేజరు నవ్వుకుంటూ ఇద్దరి కాగితాల మీదా కొట్టాడు. తమ సర్వీసుకి పన్నెండేళ్లు తక్కువేనని త్రివిక్రమరావు గారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. గాలిమర దగ్గర కాఫీ కప్పు అడుగుతోను, పాత గవర్నరు బంగళాలో గవర్నరు గారి చుట్టల బూడిదపళ్లెంతోను సరిపెట్టారు. గాలిమర తిరుగుతోందో ఆగిందో ఇద్దరూ చూడలేదు.

చిక్కంతా సముద్రపు దొంగల మ్యూజియంలో వచ్చింది. అక్కడ నిజంగానే రౌండ్ సీలు ఉంది, మధ్యలో పుర్రె బొమ్మతో. కానీ దాన్ని లోపలికి వెళ్లేవాళ్ల మణికట్టు మీద కొడతారు. కాగితం మీద కొట్టమంటే కౌంటరు దగ్గరి అమ్మాయి ససేమిరా అంది.

"కాగితానికి టికెట్ తీసుకోలేదు కదా మీరు?" అంది.

ఇదీ ఒక రూలే కాబట్టి సన్యాసిరావు దాన్ని గౌరవించాడు. తన చేతి మీది సిరా ఆరకముందే గబుక్కున ప్రొఫార్మాకి అద్దాడు. తలకిందులుగానో, ఎడమ కుడిగానో, ఒక పుర్రె పడింది. త్రివిక్రమరావు గారు మాత్రం ఆ అమ్మాయికి తమ హోదా వివరిస్తూ ఉండిపోయారు. ఈలోగా సిరా ఆరిపోయింది. మళ్లీ కొట్టమంటే మళ్లీ టికెట్ అంది. ఆ రోజుకి టికెట్లు అయిపోయాయి అంది.

"ఏమియు పరవాలేదు," అన్నారాయన గంభీరంగా. "ఈ చేతినే ఒరిజినల్‌గా సమర్పించెదము."

అప్పటినుంచి ఆయన కుడిచెయ్యి కడగలేదు. చేతికి పాలిథిన్ సంచి తొడిగి, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుని స్నానం చేశారు. ఎడంచేత్తో తినడం ఆచారం కాదు కాబట్టి సన్యాసిరావు చెంచాతో అందించాడు. హోటల్లో పక్క బల్ల వాళ్లు అయ్యో పాపం అనుకున్నారు.

ఐదో రోజు పొద్దున్నకి మిగిలినవి రెండు, పాత జైలు, డిపో. మిసెస్ యూనిస్ డ్రైవరుకి ఫోను చేసి, రిజిస్టరు తీసి పెట్టడానికి పై అధికారి అనుమతి కూడా తీసుకున్నాను, నాలుగింటికి మ్యూజియం మూసేస్తారు, ఎప్పుడొస్తున్నారు అని అడిగింది. పన్నెండుకల్లా వస్తున్నామని సన్యాసిరావు చెప్పించాడు. అతనికి ఆ పొద్దున్న ఇడ్లీ లాంటిదేదో పెట్టినా తినబుద్ధి కాలేదు. పోలయ్య పేరు ఇంగ్లీషు వాళ్లు ఏ స్పెల్లింగుతో రాసి ఉంటారో పదిరకాలుగా కాగితం మీద రాసుకున్నాడు.

జైల్లో రౌండ్ సీలు ఉంది. జైలరు వేషం వేసుకున్న ఉద్యోగి దాన్ని చూపించాడు. దాని మీద ‘విడుదల’ అని ఉంది.

"కొట్టండి," అన్నాడు సన్యాసిరావు.

"విడుదలయ్యేవాళ్లకే కొడతానండి. మీరు లోపలికి వెళ్లలేదు కదా."

వాదించదగ్గ మాట కాదది. సన్యాసిరావు ఆ కుర్చీలో ఉన్నా అదే అనేవాడు. ఇద్దరూ మూడో నంబరు గదిలోకి వెళ్లారు. ఆయన తాళం వేశాడు. వేసి, గడియారం చూసుకుని, భోజనానికి వెళ్లిపోయాడు.

ఊచల వెనకనించి సన్యాసిరావు మొదట మర్యాదగా పిలిచాడు, తర్వాత గట్టిగా పిలిచాడు, చివరికి ఏడుపు గొంతుతో పిలిచాడు. ఓడల్లో వచ్చిన యాత్రికులు వచ్చి చూసి, ఎంత సహజంగా చేస్తున్నాడో అని చప్పట్లు కొట్టి వెళ్లారు. త్రివిక్రమరావు గారు సంచీ తొడిగిన చేతిని గుండెల మీద పెట్టుకుని మూల కూచున్నారు. "అధైర్యపడరాదు. అన్నియు నిబంధనల ప్రకారమే జరుగుచున్నవి," అన్నారు. జైలరు భోంచేసి, కునుకు తీసి, మూడింటికి వచ్చాడు. మూడేసి కాపీల మీద ‘విడుదల’ కొట్టి పంపాడు.

డిపో చేరేసరికి మూడూ నలభై.

రాతి గోడలతో పొడుగాటి షెడ్డు అది. మిసెస్ యూనిస్ గుమ్మంలోనే నిలబడి ఉంది. అరవై ఏళ్ల మనిషి, నల్లటి మొహం, తెల్లటి జుట్టు. మా చిన్నమ్మలా ఉందే అనుకున్నాడు సన్యాసిరావు. ఆమె అతని రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. "పొద్దున్నించీ చూస్తున్నాను. మీ ఊరినించి వచ్చిన మొదటివారు మీరే," అంది.

"సీలు ఉందా అండీ?" అన్నాడు సన్యాసిరావు. అతను అనాలనుకున్నది అది కాదు. పదకొండేళ్లుగా ఏ గుమ్మం దగ్గరైనా నోట్లోంచి మొదట వచ్చే మాట అది. దానంతటది వచ్చేసింది.

ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడవారనున్న అద్దాల బీరువా చూపించింది. అందులో చెక్క పిడి ఉన్న ఇత్తడి సీలు ఒకటి ఉంది. అచ్చమైన గుండ్రన. కంపాసుతో గీసినా అంత బాగా రాదు. ఐదు రోజులుగా ఫిరంగి మూతులూ, కప్పు అడుగులూ చూసి చూసి ఉన్నాడేమో, సన్యాసిరావుకి ప్రాణం లేచొచ్చింది.

"ఇది మ్యూజియం వస్తువు," అంది ఆమె. "మీరు ప్రభుత్వం తరఫున వచ్చారు, అడిగిందేదైనా ఇవ్వమని మా వాళ్లు చెప్పారు. తీస్తాను. కానీ నేనొక్కదాన్నే ఉన్నాను. ఒక తాళం తీస్తే అది వేసేదాకా రెండోది తియ్యకూడదు, మా రూలు. రిజిస్టరు లోపలి గదిలో ఉంది. ఇప్పుడు టైము ఒక్కదానికే ఉంది." కాస్త ఆగి మెల్లగా అడిగింది. "ఏది తియ్యమంటారు?"

సన్యాసిరావు త్రివిక్రమరావు గారి వంక చూశాడు. ఆశ్చర్యమేమంటే ఆయన కిటికీలోంచి మొదటిసారి సముద్రం వైపు చూస్తున్నారు. బలవంతపెట్టినవాళ్లు ఎవరూ లేరు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా నేరం ఇంకొకరి మీదికి తొయ్యడానికి అతనికి ఏ సందూ దొరకలేదు.

అతను ఆలోచించాడు. రిజిస్టరు చూస్తే ముత్తాత కనిపిస్తాడు. కానీ సీలు లేకపోతే తాను ఇక్కడికి రానట్టే. రాని మనిషి రిజిస్టరు ఎలా చూస్తాడు? చూశానని చెబితే ఎవరు నమ్ముతారు? తనే నమ్మడు. ఒకటో నిబంధన అతని బుర్రలో అడ్డంగా పడుకుంది.

"సీలు," అన్నాడు.

మిసెస్ యూనిస్ బీరువా తీసి, సీలు చేతిలో పట్టుకుని, ఇవ్వకుండా ఒక్క క్షణం నిలబడింది. "దీన్ని కాగితం మీద కొట్టి నూరేళ్లు దాటింది. మా తాతమ్మ కాగితం మీద ఉంది ఇది. మీ తాత కాగితం మీదా ఉండే ఉంటుంది. దీని మీద ఏం రాసుందో చదివారా? మీరు ఇష్టపూర్వకంగానే కొట్టించుకుంటున్నారా?"

"ట్రిప్లికేట్‌లో," అన్నాడు సన్యాసిరావు, స్టాంపు ప్యాడు మూత తీస్తూ.

ఆరు ముద్రలు పడ్డాయి. త్రివిక్రమరావు గారివి మూడూ ఆయన చేతి సంచి తగిలి అలికినట్టయ్యాయి. సన్యాసిరావువి మూడూ అక్షరం అక్షరం తేలాయి. సిరా ఊది ఆర్చుకుంటుండగా నాలుగు కొట్టింది. ఆమె సీలు లోపల పెట్టి తాళం వేసింది. రిజిస్టరు అని ఇతను నోరు తెరవబోయాడు. ఆమె తల అడ్డంగా తిప్పింది. కోపం లేదు ఆ మొహంలో. తన వాళ్లలో ఒకడు తెలివితక్కువ పని చేస్తే ఎలా చూస్తారో అలా చూసింది. అది కోపం కంటే కష్టంగా ఉంది.

తిరిగొచ్చాక ప్రొఫార్మాలు తనిఖీ విభాగానికి వెళ్లాయి. సన్యాసిరావు పర్యటనలో ఉన్నన్నాళ్లూ, నివేదిక ఆమోదం పొందేదాకానూ, ఆ కుర్చీలో అతని శిష్యురాలు పసుమర్తి హైమవతి ఉంటుంది. తొమ్మిది నిబంధనలూ ఆమెకి అతనే నూరిపోశాడు. ఏడుకి ఏడు సీళ్లు చూసి శాఖంతా ముక్కున వేలేసుకుంది. త్రివిక్రమరావు గారు తమ కుడిచేతిని కమిటీ ముందు బల్ల మీద పెట్టారు. కమిటీ దాన్ని పరిశీలించి, నంబరు వేసి, వాపసు ఇచ్చింది. అప్పుడాయన వెళ్లి సబ్బుతో కడుక్కున్నారు.

మూడో రోజున సన్యాసిరావుకి మెమో వచ్చింది.

‘ఏడవ ప్రొఫార్మాపై గల ముద్రను పరిశీలించగా, పనికి తగును, గడువు ఐదు సంవత్సరములు, అని స్పష్టముగా ఉన్నది. సదరు ఉద్యోగి సదరు ద్వీపమున ఐదేళ్ల పనికి కుదిరినట్లు దీనివలన తేటతెల్లమగుచున్నది. గడువు తీరక మునుపే ఇచ్చట విధులకు హాజరగుట ఎట్లు సాధ్యమో తెలియరాకున్నది. తిరిగి వచ్చినట్లు రౌండ్ సీలుతో కూడిన ఆధారము జతపరచబడలేదు. కావున సదరు ఉద్యోగి తిరిగి రానట్లుగా భావించడమైనది. జాయింట్ డైరెక్టరు వారి ముద్ర అస్పష్టముగా ఉన్నందున వారికి ఇది వర్తించదు.’

సన్యాసిరావు హైమవతి బల్ల దగ్గరికి పరిగెత్తాడు. "నేను నీ ఎదురుగా నిలబడి ఉన్నానమ్మా!"

"కనిపిస్తూనే ఉన్నారు సార్," అంది ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని. "కానీ మీరే కదా సార్ నేర్పారు. కంటికి కనిపించేది ఆధారం కాదని."

"పాస్‌పోర్టు చూడు. ఎయిర్‌పోర్టులో ముద్ర కొట్టారు."

ఆమె చూసింది. స్కేలు పెట్టి కొలిచింది కూడా. "నలుచదరంగా ఉంది సార్. రెండో నిబంధన."

"మినహాయింపు..." అనబోయి ఆగిపోయాడు. తొమ్మిదోది గుర్తొచ్చింది. ఆ నిబంధనలో ‘కోరరాదు’ అన్న మాట ఆ భోజనం మానేసిన మధ్యాహ్నం తనే అదనంగా కలిపాడు, చదవడానికి నిండుగా ఉంటుందని. ఎక్కడా వేలు పెట్టే సందు లేదు. ఇలాంటి మెమో తన చేతికింద తయారైనందుకు మాస్టారిగా ఆనందించాలో, తిరిగి రాని మనిషిగా ఏడవాలో అతనికి తెలియలేదు.

హాజరు పట్టీలో అతని పేరు కొట్టేశారు. సెలవు పెట్టి ఊరెళదామనుకున్నాడు. దేశంలోనే లేని మనిషికి సెలవు అక్కర్లేదన్నారు. అలాగే వెళ్లాడు.

సూరీడమ్మ అత్త తన కొడుకు ఇంట్లో, వీధి అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ కూచుని ఉంది. అతన్ని చూసి చేతులు చీరకి తుడుచుకుంది.

"ఒచ్చీసినావా సన్నాసీ!"

వారం రోజుల్లో అతను వచ్చాడని ఒప్పుకున్న మొదటి మనిషి ఆవిడ. సన్యాసిరావు చెప్పులు విడిచి అరుగెక్కాడు. పక్కన కూలబడ్డాడు.

"మా తాత పేరు సూసినావా?"

విమానంలో మూడు అబద్ధాలు తయారుచేసుకున్నాడు. ఒక్కటీ రాలేదు. "సూడనేదత్తా. సూసే యేల ముద్దరేయించుకున్నాను," అని జేబులోంచి తన వంతు కాపీ తీశాడు. మొత్తం చెప్పాడు, మిసెస్ యూనిస్ ఏది తియ్యమంటారని అడగడం, తాను సీలు అనడం, ఏమీ దాచకుండా.

అత్త తిడుతుందనుకున్నాడు. ఆవిడ కాగితం అందుకుని, ఆ గుండ్రటి ముద్ర మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది.

"మా అయ్య సెప్పేవోడు," అంది. "మా తాతకి కళింగపట్నంలో ఇలాటి ముద్దరే కాయితం మీద ఏసిచ్చినారంట. అది అట్టుకుని ఊరంతా తిరిగినాడంట. నాకు సర్కారోలు ముద్దరేసినార్రా అని ఇంటింటికీ సూపించినాడంట, మా గొప్పగా. అందులో ఏటుందో ఒక్కుల సేతా సదివించుకోనేదు." తలెత్తి అడిగింది. "దీన్లో ఏటుందిరా?"

"పనికి తగును, ఐదేళ్లు, అనుంది."

అత్త ఒక చేతి వేళ్లు ఒక్కొక్కటే మడిచి లెక్క చూసుకుంది. తర్వాత, అర్థంకాని లెక్క అడిగినట్టు అడిగింది.

"అయిదేళ్లేనేటి? మరైతే మా తాత మరి రానేదేటిరా?"

సన్యాసిరావు మొత్తం ఉద్యోగంలో జవాబు తెలిసిన ప్రశ్న అదొక్కటే.

"తిరిగొచ్చినోలకి ఏసే ముద్దర ఎవులూ సెయ్యనేదత్తా," అన్నాడు. "నానూ సెయ్యనేదు."

అత్త ఆ కాగితం మడిచి అతని జేబులో పెట్టింది. మొహం మీద చెయ్యివేసి నుదురూ, బుగ్గలూ, గడ్డమూ ఒకసారి తడిమి చూసుకుంది. తర్వాత, ఎండలో పడొచ్చాడు, కాళ్లకి నీళ్లు ఇమ్మని లోపలికి కేకేసింది.